వీథికావలి

గడచిన వేసవిలో ఒకనాటి రాత్రి మా వీథిలో దొంగలు పడిరి. ఇంటివారు మేడమీద నిద్రించుచుండగా క్రిందిగది తలుపు పెకలించి, బీరువాలోని రెండుపేటల గొలుసును కొంత రొక్కమును ఎత్తుకొనిపోయిరి. తెల్లవాఱునప్పటికి వీథివారమందఱమును ఆ యింటిముందు మూగితిమి. ఎవరు చేసిరో, ఎట్లు చేసిరో ఎవరికిని తెలియదు. అయినను పదినిమిషములు గడవకమునుపే ఒక మాట పుట్టి యందఱి నోటను నానినది: "కాలువగట్టు గుడిసెలవాళ్ళే అయ్యుంటారు." ఆ మాట మొదట నెవరనిరో మేమెఱుగము. దానిని కాదన్నవారు మాత్రము ఒక్కరును లేరు, మేమును కాదనలేదు. ఆ సాయంకాలమే గుడిసెలనుండి పదునాఱేండ్ల బాలు నొకని పట్టుకొనిపోయి, రెండుదినములు ఠాణాలో నుంచి, ఏమియు తేలక విడిచిపుచ్చిరి. గొలుసు దొరకలేదు, దొంగయు దొరకలేదు. ఆ బాలుని తల్లి మా వీథిలో నాలుగిండ్లలో పాచిపని చేయుచుండెడిది. ఆ నాలుగిండ్ల పనియు నామెకు పోయినది.

ఈ సంగతి జరిగినపిమ్మట మేము కొంతకాలము పాతగ్రంథములను, సర్కారు నివేదికలను తిరుగవేసితిమి. నలుగురు కాపురముండుచోట క్షేమమునకు పూచీ యెవరిది? సొత్తు పోయినప్పుడు జవాబు చెప్పవలసినవా డెవడు? ఈ రెండు ప్రశ్నలకు మన దేశమున ఆయా కాలములందు వచ్చిన సమాధానములను చదువరుల ముందుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మన ప్రాచీనులు ఈ విషయమున తడబడలేదు. దొంగలు కొనిపోయిన సొత్తును రాజు మరల రాబట్టి, సొంతదారు డేవర్ణమువాడైనను, అతని కొప్పగింపవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. గ్రామమున దొంగతనము జరిగి, దొంగ జాడ ఊరు వెడలినట్లు కనబడనిచో ఆ దోషము గ్రామాధిపతిదని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. కౌటిల్యుని అర్థశాస్త్రము మఱికొంత వివరముగా చెప్పినది. వర్తకుని సరకు గ్రామములో పోయినచో గ్రామాధికారియు, రెండు గ్రామముల నడిమి బీడునందు పోయినచో బీళ్ళపై నధికారియైన వివీతాధ్యక్షుడును, అట్టి బీడును లేనిచోట చోరరజ్జుకుడను ఉద్యోగియు ఆ నష్టము నిచ్చుకొనవలెను. ఈ విధులు ఎంతవఱకు నడచినవన్నది వేఱుమాట. ఆ ధర్మగ్రంథములే పెక్కు నేరములకు శిక్షను వర్ణమునుబట్టి హెచ్చుతగ్గులు చేసిన సంగతియు మఱవరాదు. అయినను ఒక్క విషయము గమనింపదగి యున్నది. సొత్తు పోయినప్పుడు వారు మొదట నడిగినది "దొంగ యేజాతివాడు?" అని కాదు, "కావలి యెవనిది?" అని.

తెలుగు గ్రామములలో ఆ కావలి తలారిది. ఊరి ఆయగాండ్రలో నతడొకడు. పంట నూర్చి కళ్ళమున ధాన్యము కొలుచునపుడు అతనికి మేర కొలిచెడివారు. కొన్ని యూళ్ళలో మాన్యముకూడ నుండెడిది. నేరముల సమాచారము కూర్చుట, ఒక యూరినుండి మఱియొక యూరికి బోవు ప్రయాణికులను కాచి దాటించుట తలారి పనులని 1812 నాటి పార్లమెంటు సంఘపు అయిదవ నివేదిక పేర్కొన్నది. రాత్రివేళ ఊరు తిరిగి, క్రొత్తవారి రాకపోకలు కనిపెట్టి యుండువాడును అతడే. సాధారణముగా నతడు అగ్రవర్ణమువాడు కాడు. బోయవాడో, ముత్రాసివాడో, మాలవాడో అయియుండెడివాడు. పగటివేళ అరుగెక్కనీయని మనుష్యుని కావలియందు నమ్మిక యుంచి ఊరివారు రాత్రి కన్నుమూసెడివారు. ఈ వైపరీత్యము ఆనా డెవరికిని వైపరీత్యముగా తోచలేదు.

ఊరి తలారిపైన, సీమ విస్తీర్ణమునుబట్టి, పాలెగాని కావలి యొకటి యుండెడిది. దానికి రుసుము వేఱు. రాయలసీమలో నిది బలముగా వేళ్ళూనినది. పాలెగాడు తన బంట్లచేత బాటలను, పల్లెలను కాపించుటకు రైతులవద్ద ధాన్యమో, రొక్కమో పుచ్చుకొనెడివాడు. ఇది మంచికాలమున కావలి, చెడ్డకాలమున దోపిడి. రుసుము చెల్లింపని యూరి పశువులు తెల్లవాఱునప్పటికి మాయమగుచుండెను. కంచెయే చేను మేయుట యనగా నిదియే. కావున పాతకాలపు కావలిని మేము బంగరుకాలపు ధర్మముగా పొగడబోము. దానియందు గుణ మొక్కటే: సొత్తు పోయిన గృహస్థునకు, ఎవని గడపకు పోయి యడుగవలెనో తెలిసియుండెడిది.

1800లో నిజాము రాయలసీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. థామస్ మన్రో ఆ సీమకు ప్రధాన కలెక్టరై 1807 వఱకు నుండి, ఎనుబదిమందివఱకు పాలెగాండ్రను అణచెను. ఆ దినములలోనే, 1802 నాటి క్రొత్త కట్టుబాట్లనుబట్టి, మద్రాసు ప్రాంతమున జమీందారులకును పాలెగాండ్రకును కావలి బాధ్యత తొలగింపబడినది. ఆ కావలికై వారనుభవించుచుండిన రుసుములు, భూములు చాలవఱకు సర్కారు పరమైనవి. కావలికి మాఱుగా దరోగాలు నియమింపబడిరి. ఒక దరోగా, కొందఱు బంట్లు, వారిక్రింద పెక్కు గ్రామములు. రుసుము సర్కారు తీసికొనెను గాని, ఆ రుసుముతోకూడ నుండిన పూచీని మాత్రము తలకెత్తుకొనలేదు. నిన్నటివఱకు కావలిచేసి బ్రతికిన బంట్లకు కూడు లేదు. కావలికి సొమ్మిచ్చిన రైతులకు కావలి లేదు. పనిలేని కావలివాడు ఏమగునో ఊహించుట కష్టము కాదు.

దరోగాల యేర్పాటు నిలువలేదు. 1816లో పదునొకండవ రెగ్యులేషను ననుసరించి పోలీసు పని మరల గ్రామాధికారికిని తలారికిని ఒప్పగింపబడినది. ఇది మంచిమార్పే. కాని యందులో నొక విధి కలదు. దానిని చదివినప్పుడు మేము కొంతసేపు పుస్తకము మూసికొంటిమి. చిల్లర నేరము చేసినవానిని గ్రామాధికారి పండ్రెండు గంటలకు మించకుండ చావడిలో నిర్బంధింపవచ్చును. నేరస్థుడు తక్కువజాతివాడైనచో అతనిని బొండలో వేయవచ్చును. తప్పొక్కటే, ఒకనికి చావడిలో కూర్చుండుట, మఱియొకనికి నడివీథిలో కొయ్యకు కాళ్ళు బిగింపబడి నవ్వులపాలగుట. నేరమును చూచు కన్ను చేసినపనినుండి పుట్టుకవైపు మరలుట ఆనాటి చట్టమునందే యిట్లు కనబడుచున్నది.

అదే యేర్పాటులో మఱియొక లోపము పెరిగినది. శిస్తు వసూలుచేయు చేతికే నేరస్థుని పట్టు అధికారము నుండెను. 1854లో నియమింపబడిన విచారణసంఘము మఱుసటి సంవత్సరమున నివేదిక నిచ్చెను. శిస్తుకొఱకును, నేరము ఒప్పించుటకొఱకును ప్రజలను హింసించుట మద్రాసు రాజధానియందు సర్వసాధారణమని ఆ సంఘము తేల్చినది. వ్రేళ్ళను రెండు కఱ్ఱల నడుమ నుంచి నొక్కుట, మెడను వంచి కాళ్ళకు కట్టి గంటలకొలది నిలుపుట మొదలగు రీతులు ఆ నివేదికలో పేర్లతోకూడ వర్ణింపబడి యున్నవి. సొత్తు దొరకకున్నను ఒప్పుదల దొరకెడిది. ఒప్పుకొన్నవాడు బీదవాడు, ఒప్పించినవానికి మెప్పు.

ఆ నివేదిక కలిగించిన సంచలనమునకు ఫలముగా పోలీసును రెవిన్యూనుండి వేఱుచేయుచు 1859లో మద్రాసు పోలీసుచట్టము వెలువడినది. 1861లో దేశమంతటికి నట్టి చట్టమే యేర్పడినది. జీతము, దుస్తులు, ఠాణా, పుస్తకము వచ్చినవి. దీనివలన కలిగిన మేలును మేము తక్కువ చేయము. పాలెగాని బెదరింపు పోయినది. చట్టము అక్షరమునందైనను అందఱికి నొకటియైనది. అయితే ఆ నాటినుండి నష్టము పూడ్చుట కావలివాని పని కాక, నష్టమును పుస్తకమున కెక్కించుట అతని పనియైనది. ఈ సంవత్సరమెన్ని కన్నములు, ఎన్ని దోపిళ్ళు అను లెక్కలు ఏటేట నచ్చుపడసాగినవి. లెక్క పెరిగినచో అధికారికి చెడ్డపేరు. దానిని తగ్గించుటకు రెండు త్రోవలు: కష్టపడి దొంగను పట్టుట యొకటి, ఫిర్యాదును వ్రాసికొనకుండుట మఱియొకటి. పట్టుటలోను సులభమైన త్రోవ యొకటి కలదు. దొంగలెవరో ముందుగనే నిర్ణయించి యుంచుకొనుట.

ఆ నిర్ణయము 1871లో చట్టరూపమున వచ్చినది. దానిపేరు నేరజాతుల చట్టము. మొదట ఉత్తరదేశమున అమలు జరిగి, 1911 నాటి క్రొత్తచట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించినది. ఒక తెగనంతటిని నేరజాతిగా సర్కారు ప్రకటింపవచ్చును. ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమునందును ప్రశ్నింప వీలులేదు. ఆ తెగవారి పేర్లు పట్టీకెక్కును, వ్రేలిముద్రలు తీయుదురు, నియమితకాలమున హాజరు చెప్పవలెను, అనుమతిలేక ఊరు కదలరాదు. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి బడులలో నుంచుటకును సర్కారునకు అధికారము కలదు. తెలుగుదేశమున ఎఱుకలు, దొంగవడ్డెలు, దొంగదాసరులు మొదలగువారు ఈ పట్టీ కెక్కిరి. పేరులోనే దొంగ యను మాట చేర్చి, ఊయెలలోని శిశువునకును దానినే పేరుగా నిచ్చిరి.

ఎఱుకలవారి కథనే తీసికొందము. వీరిలో ఉప్పెఱుకలు తీరపు ఉప్పును గాడిదలపైని, ఎద్దులపైని వేసికొని మెట్టసీమలకు కొనిపోయి, అక్కడి ధాన్యమును తెచ్చి అమ్ముకొనెడివారు. మఱికొందఱు బుట్టలల్లిరి, స్త్రీలు బుట్టయు కఱ్ఱయు చేతబట్టి గడపగడపకు పోయి ఎఱుక చెప్పిరి. ఉప్పు సర్కారు గుత్తయైనది. రైలుబండి వచ్చి ఎద్దులమీది సరకును దిగవేసినది. 1876 మొదలు 1878 వఱకు ధాత కఱవు సీమను మాడ్చినది. 1882 నాటి అటవీచట్టము వెదురును, మేతబీళ్ళను కట్టివేసినది. ఒక తరములో వారి బ్రదుకుతెరువులు నాలుగువైపుల మూసికొనిపోయినవి. అట్టివారిలో కొందఱు దొంగతనమునకు దిగిరనుట నిజమే. కాని పట్టీలో వ్రాయబడినది ఆ కొందఱి నేరము కాదు, అందఱి పుట్టుక. ఉప్పు బేరము పోయినది ఏ పట్టీకిని ఎక్కలేదు.

1913లో బాపట్ల చేరువను, నాటి గుంటూరు జిల్లాలో, సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘము నిర్వహణక్రింద ఎఱుకలకొఱకు నొక వాడ ఏర్పడినది. మద్రాసు ప్రభుత్వమున కౌన్సిలుసభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేర దానికి స్టూవర్టుపురమని పేరిడిరి. అక్కడివారికి భూములిచ్చిరి; బడి పెట్టిరి. చీరాలలోని పొగాకు కర్మాగారమునకు కూలివారు పెక్కుమంది ఇక్కడినుండియే పోయెడివారు. హాజరుపట్టీ మాత్రము విడువలేదు. బడియు పనియు ఇచ్చిన చేతనే కట్టడియు నుండుటవలన, ఆ యుపకార మెంతవఱకు ఉపకారమో, ఎంతవఱకు చెఱయో విడదీసి చెప్పుట కష్టము.

1947లో మద్రాసు రాష్ట్రము ఈ చట్టమును రద్దుచేసినది. మన తెలుగుసీమయైన తిరుపతి ప్రాంతమువాడగు అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను 1949లో ఏర్పడిన సంఘము విచారించి దేశమంతటను తీసివేయవలెనని సలహా యిచ్చినది. 1952 ఆగష్టు 31వ తేదీనుండి అది ఎల్లచోట్ల తొలగిపోయినది. చట్టము పోయినను పేరు పోలేదు. 1991లో స్టూవర్టుపురము పేరు పెట్టుకొని దొంగలకథలతో రెండు చలనచిత్రములు వచ్చినవి. ఆ గ్రామపు పిల్లవాడు పరదేశమున తన ఊరిపేరు చెప్పుటకు జంకు స్థితి చాలకాలము నిలిచినది.

ఈ చీకటికథలో నొక వెలుగును చెప్పకపోయినచో అన్యాయమగును. 1970ల దశకమునుండి హేమలతా లవణం, ఆమె భర్త లవణం స్టూవర్టుపురమున పనిచేసిరి. ఆమె కవి గుఱ్ఱం జాషువ కూతురు; అతడు నాస్తికోద్యమపు గోరా కుమారుడు. వారు పట్టీ పట్టుకొని పోలేదు. ఇండ్లలోనికి పోయి మాటాడిరి. నేరము మానెదమన్నవారికి వ్యాజ్యములలో తోడుపడిరి. పిల్లలకు చదువు, పెద్దలకు పని వెదకిరి. మనుష్యుని మార్పును వాని మాటనుండియు, పనినుండియు ఆరంభించిరి గాని వాని జాతిపేరునుండి కాదు. చదువుకొని యుద్యోగములలో నున్నవారు నేడు ఆ గ్రామమున తక్కువమంది కారు.

ఇక నేటి మాట. ఇప్పుడు నేరముల లెక్కను జాతీయ నేరనమోదు సంస్థ ప్రకటించుచున్నది. ఆ సంస్థ 1986లో ఏర్పడినది, ఆ యేటేటి నివేదిక 1953 నుండియే కలదు. లక్ష జనమునకు ఎన్ని నేరములో లెక్కగట్టి దానిని నేరముల రేటని చెప్పుదురు. ఇల్లు కొనువారు, అద్దెకు దిగువారు ఈ అంకెను చూచి ఈ పేట మంచిది, ఆ పేట చెడ్డదని నిర్ణయించుకొనుచున్నారు. ఆ అంకె జరిగిన నేరముల లెక్క కాదు, పుస్తకమున కెక్కిన నేరముల లెక్క. అన్నిటికంటె హెచ్చురేటు గలదానిగా పలుమాఱులు కనబడు కేరళమున ఫిర్యాదు చేయుటకు ప్రజలును, వ్రాసికొనుటకు ఠాణాలును అలవాటుపడి యుండుట దీనికొక ముఖ్యకారణము. తప్పక విచారింపదగిన నేరము తెలిసినప్పుడు ఫిర్యాదును నమోదు చేసితీరవలెనని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. అంకె తక్కువైన పేట క్షేమమైన పేట యనుకొనుట, జ్వరము చూడనియింట జ్వరములేదనుకొనుటవంటిది.

ఆ అంకెలలో మన గృహస్థులు చదువవలసినది మఱియొకటి కలదు. స్త్రీలపై జరిగినవిగా నమోదగు నేరములలో అన్నిటికంటె పెద్దభాగము భర్తయు, అత్తింటివారును పెట్టిన బాధలు. దీనికై 1983లో శిక్షాస్మృతియందు 498-ఏ యను సెక్షను చేర్పబడినది; 2024 జులైనుండి భారతీయ న్యాయసంహితలో నదే విధి వేఱు సంఖ్యలతో నున్నది. మానభంగపు కేసులలో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆ స్త్రీ యెఱిగినవాడే. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడని మనవారి సామెత. మనము గేటుకడ కెమేరా పెట్టితిమి, గోడపై గాజుపెంకులు గ్రుచ్చితిమి, కావలివానిని నిలిపితిమి. అవి యన్నియు వీథివైపే చూచుచున్నవి. ప్రక్కయింట రాత్రి వినబడిన యేడుపునకు మాత్రము, అది వారింటి గొడవ యని కిటికీ మూసికొందుము.

ఈ చరిత్రమంతయు చూచిన పిమ్మట మాకు తోచినది కొద్దిమాటలలో చెప్పెదము. కావలి యనునది ఎక్కడ నిలిచినను పూచీపై నిలిచినది. అనుమానముపై నెన్నడును నిలువలేదు. తలారికి మేర కొలిచి, పోయినదానికి వానిని సమాధాన మడిగినంతకాలము కావలి యుండెను. మేర ఆపి, పూచీ తీసివేసి, జాతిపేరు పట్టీ కెక్కించిన పిమ్మట పట్టీ మిగిలినది, కావలి పోయినది. కావున మన వీథి కావలివానికి కడుపునిండు జీతమును, వారమున కొక సెలవును ఇత్తము. దొంగతనమైనను, ఇంటిలోని కొట్టుటయైనను, ఫిర్యాదు వ్రాయించి దాని నకలు పుచ్చుకొందము. ఏమైనదని మరల పోయి యడుగుదము. పట్టుకొనిపోయిన మనుష్యుని ఇరువదినాలుగు గంటలలోగా న్యాయాధికారియెదుట నిలుపవలెనని రాజ్యాంగపు ఇరువదిరెండవ అధికరణము చెప్పుచున్నది. అది గుడిసెలలోని బాలునకును వర్తించునని, వాని తల్లి యొక్కతెయే కాక, వీథివారమందఱమును పోయి అడుగుదము. అన్నిటికంటె ముందుగా, సాక్ష్యములేని మాట నోట పుట్టినప్పుడు, "నీకెట్లు తెలిసినది?" అని యడుగు ధైర్యము నలవఱచుకొందము.

ఆ యుదయమున అట్లు అడుగవలసినవారిలో మేముంటిమి, అడుగలేదు. ఆ బాలుని తల్లికి పని మాన్పించిన నాలుగిండ్లలో మాయిల్లు నొకటి. ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చుండకముందు కాలువగట్టునకు పోయి, మరల రావలసినదని ఆమెను అడిగితిమి. "వేరే పేటలో కుదిరింది బాబూ, మీ వీథికి ఇంక రాను" అని, చేతిలోని పని ఆపకుండనే చెప్పినది. మేము పూడ్చవలసిన నష్టము ఇంకను పూడ్చబడలేదు.